కోట మినహా ఎక్కడైనా

జూన్ 1, ఆదివారం. మధ్యాహ్నం 2.10

చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పానో లేదో, ఇంటి ఓనరు చెంగయ్య మెట్లెక్కి వచ్చాడు. చేతిలో రొయ్యల సంచి. ఇంటి వెనకే తన రొయ్యల గుంటలున్నా చెంగయ్య ఊరికే తెచ్చే మనిషి కాదు. కూర్చోమన్నాను. కూర్చోలేదు. అంటే విషయం పెద్దదే.

"టీచరమ్మా, మా ముఖేష్ గాడు హైదరాబాదు వదిలేసి వస్తా ఉండాడు. యాడ కూర్చోని అయినా పని చేసుకోమన్నారంట కంపెనీ వాళ్ళు. మా కోడలిక్కూడా అంతేనంట. అందుకని పై పోర్షను, ఈ నెలాఖరుకి..."

మిగతా వాక్యం రొయ్యలు చెప్పాయి.

తప్పేముంది? నేనూ అలాంటి ఉద్యోగస్థురాలినే. రిటైరై తొమ్మిదేళ్ళయింది. అయిదేళ్ళుగా రోజూ ఉదయం ఆరున్నరకూ, సాయంత్రం అయిదుకూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పోటీ పరీక్షల పిల్లలకు తెలుగు చెబుతున్నాను. కోచింగ్ సెంటరు హైదరాబాదులో ఉంది. దాని గుమ్మం నేనింతవరకు చూడలేదు. అక్కడి కోఆర్డినేటరు సుశీల్ కుమార్‌కు ఫోన్ చేసి, ఇల్లు మారాల్సి వస్తోంది, పరవాలేదా అని అడిగాను.

"మేడం, మీరు చంద్రుడి మీద నుంచి చెప్పినా మాకు ఓకే. నెట్ ఉంటే చాలు" అన్నాడు.

అప్పుడు తట్టింది! అరవై తొమ్మిదేళ్ళలో ఉండే ఊరు నేను ఎంచుకున్నది ఒక్కటీ లేదు. చిన్నప్పుడు నాన్న సువార్త పని ఎక్కడుంటే అక్కడ. పెళ్ళయ్యాక ఆయన కాంపౌండరు ఉద్యోగం ఎక్కడుంటే అక్కడ. ఆయన పోయాక విద్యాశాఖ ఎక్కడికి తోస్తే అక్కడ. ఇప్పుడున్న ఈ కోట ఊరికీ బదిలీ ఆర్డరే తెచ్చింది. రిటైరయ్యాక సామాను సర్దడానికి బద్ధకించి ఉండిపోయాను. ఇప్పుడు మొదటిసారి, ఊరు నా ఇష్టం!

3.30. నెల్లూరు నుంచి మా అమ్మాయి ఫోన్. చెంగయ్య తనకు ముందే చెప్పాడట.

"ఇంకేం ఆలోచిస్తావమ్మా? మా ఇంటికి వచ్చెయ్. గది ఖాళీ చేయించినా."

"ఆలోచించుకుంటాను."

"పదిహేనో తేదీ దాకా ఆలోచించుకో. పదహారున వ్యాన్ పంపిస్తా."

నా కూతురే. ఈ మాట తీరు ఎక్కడిదో నాకు తెలుసు.

తీర్మానం:
1. పదిహేను రోజుల్లో నా ఊరు నేను తేలుస్తాను.
2. ఎవరినీ అడగను. ఎవరికీ చెప్పను.
3. మనసుతో కాదు, పాయింట్లతో.

జూన్ 2, సోమవారం. ఉదయం 8.00

ఎంత ఉత్సాహంగా ఉందో! కాఫీ రెండుసార్లు తాగాను.

టీచర్ల బదిలీ కౌన్సెలింగులు ఎన్నో చూసినదాన్ని. ఖాళీల జాబితా, పాయింట్లు, సంతకం, అంతే. ఏడుపులు హాలు బయట. ఆ పద్ధతే నాకూ.

నెట్ 30. నిశ్శబ్దం 20. గాలి 15. చేపలు 15. మందుల షాపు 10. చర్చి 10. మొత్తం నూరు.

ఖాళీలు: తూపిలిపాలెం (సముద్రం పక్కన రెండు గదులు). మనుబోలు (హైవే మీద మేడ ఇల్లు). నెల్లూరు (మా అమ్మాయి గది).

కోటలోనే ఇంకో ఇల్లు చూసుకోవచ్చు కదా? కూడదు. అదే కౌన్సెలింగులో ఇంకో నియమం ఉంది. ఒకే చోట ఎనిమిదేళ్ళు దాటితే తప్పనిసరి బదిలీ. నేనిక్కడికి వచ్చి పదిహేడేళ్ళు. కోట పేరు ఎర్ర ఇంకుతో కొట్టేశాను. నియమం అంటే నియమమే.

11.00. మనవరాలు క్యాథరిన్ ఎక్సెల్ షీటు చేసి పంపింది. మా అమ్మాయి కూతురు, అదీ ఇంట్లోంచే పని చేస్తుంది. (చెప్పకూడని వాళ్ళ లెక్కలోకి రాదు. షీటు చేసింది కనుక సిబ్బంది.)

"అమ్మమ్మా, వైబ్‌కి కాలమ్ పెట్టలేదే?"

నిర్వచించమన్నాను. పది నిమిషాలు చెప్పింది. ప్రయత్నానికి అయిదు మార్కులిచ్చాను, కాలమ్ ఇవ్వలేదు.

జూన్ 3, మంగళవారం. సాయంత్రం 6.40

స్త్రీల సమాజం ప్రార్థన కూడిక. కార్యదర్శి ఎవాంజెలిన్ ఎప్పటిలాగే విన్నపాల డబ్బా తిప్పింది. అందరూ చీటీలు వేస్తుంటే నేనొక్కదాన్నే చేతులు కట్టుకుని కూర్చుంటే బాగుండదని ఒకటి రాశాను:

"నివాస స్థలము విషయమై సరియైన నిర్ణయము కొరకు ప్రార్థించగలరు. ఒక సహోదరి."

పేరు లేదు కనుక రెండో నియమానికి భంగం లేదు. పైగా దేవుణ్ణి అడగడం 'ఎవరినైనా' అడగడం కిందికి రాదు.

జూన్ 5, గురువారం. తూపిలిపాలెం

నిన్న సాయంత్రమే ఆటోలో చేరాను.

5.40. సూర్యోదయం. గాలికి పదిహేనుకు పదిహేను. ఇంకా ఉంటే ఇంకా వేసేదాన్ని. ఈ వయసులో నాకు తగిన ఊరు ఇదే!

6.30. క్లాసు మొదలు. ఇసుకలో కుర్చీ, వెనక సముద్రం. చాట్‌లో పిల్లలు: 'మేడం సూపర్', 'మేడం అది నిజం సముద్రమా?'

6.50. ఉత్పలమాల. మంచి ఊపు మీదున్నాను. వేట నిషేధం రోజులు కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వలలు బాగుచేసుకునే వాళ్ళ తాలూకు ఆడవాళ్ళు నలుగురు వచ్చి ఇసుకలో కూర్చుని శ్రద్ధగా వింటున్నారు. మా హైస్కూల్లో కూడా ఇంత శ్రద్ధ చూడలేదు.

7.15. వాళ్ళలో పెద్దామె మెల్లగా:

"అమ్మా, ఇందాకట్నించి ఎవురితో మాట్లాడతా ఉండావు? అందులో ఎవురూ కనపళ్ళేదే!"

చూస్తే నిజమే. సిగ్నల్ 6.52కే పోయింది. ఇరవై మూడు నిమిషాలు బంగాళాఖాతానికి ఉత్పలమాల చెప్పాను. అది సందేహాలేమీ అడగలేదు.

"నువ్వు చెప్పింది మాత్రం బాగుండాదిలే" అని ఆమె ఓదార్చింది. "మళ్ళా ఎప్పుడొస్తావు?"

నెట్: 4. చేపలు: వేట లేదు కనుక ఎండుచేపలకు మాత్రం 6. మందుల షాపు: మూడు మైళ్ళు. మొత్తం 46. ఆ పెద్దామెకు వేయడానికి కాలమ్ లేదు.

జూన్ 7, శనివారం. మనుబోలు

ఇంటి ఓనరు వెంకటశేషమ్మ. నా వయసే. పొలం కౌలుకిచ్చి, పై రెండు గదులు అద్దెకు పెట్టింది. నెట్ అద్భుతం! కానీ హైవే. లారీ హారన్లు సరిగ్గా గణాల మధ్య పడుతున్నాయి. ఒక చంపకమాలలో గురువు ఎక్కడో, హారన్ ఎక్కడో పిల్లలకు తేలలేదు.

7.05. వెంకటశేషమ్మ టీ తెచ్చింది. తెచ్చి వెళ్ళలేదు. నా పక్కనే స్టూలు వేసుకుని స్క్రీన్‌లోకి వంగింది.

"టీచరమ్మా, ఆ నీలం చొక్కా పిలకాయ నిద్రపోతా ఉండాడు చూడు!"

"వాడు ఆలోచిస్తున్నాడులే."

"ఏంది ఆలోచించేది, నోరు తెరుచుకోనా? ఒరే అబ్బయ్యా! లెయ్యి! మీ నాయన డబ్బులు కట్టి పంపిస్తే ఇదా?"

నీలం చొక్కా లేచాడు. ముగ్గురు కెమెరాలు ఆపేశారు. ఆ తర్వాత అరగంట క్లాసులో చీమ చిటుక్కుమనలేదు, లారీలు తప్ప.

నిశ్శబ్దం: 2. మొత్తం 59. కానీ భోజనం పెట్టి పంపింది. తేల్చడానికి ఇంకా ఎనిమిది రోజులుంది, తొందరేం లేదు. అసలు ఒక్క పూటలో ఒక ఊరిని తూచడం అన్యాయం. రెండో విడత సందర్శన పెట్టాలేమో.

జూన్ 8, ఆదివారం. మధ్యాహ్నం 1.00

ఘోరం.

ప్రసంగం అయిపోయింది. ప్రకటనలు. పాస్టరు హెబ్రోను అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన అద్దాలు తుడిచారంటే ఎవరో పోయారనో, పోబోతున్నారనో అర్థం. నేను కూడా సానుభూతిగా ముఖం పెట్టాను.

"మన రెబెక్కమ్మ టీచరుగారు మన మధ్య నుండి వేరొక స్థలమునకు వెళ్ళుచున్నారని విచారముతో తెలియజేయుచున్నాను. వచ్చే ఆదివారము వీడ్కోలు కూడిక, తదుపరి ప్రేమవిందు."

వెనక్కి తిరిగి ఎవాంజెలిన్ వైపు చూశాను. కళ్ళు ఒత్తుకుంటోంది.

"నా చీటీ అని నీకెవరు చెప్పారే?"

"ఎవురు చెప్పాలక్కా? ఎర్ర పెన్నుతో రాసే సహోదరి మన సంఘంలో ఇంకెవురుండారు?"

రిటైరై తొమ్మిదేళ్ళయినా నా సంచిలో వేరే రంగు పెన్ను లేదు. అది నిజమే.

లేచి, అయ్యా ఇంకా ఏదీ తేలలేదు అని చెప్పవలసింది. లేవబోయాను కూడా. కానీ ఆలోపే ఒకాయన లేచి, తన ముగ్గురు పిల్లలూ నా చేతి దెబ్బలు తిని ఉద్యోగస్థులయ్యారని సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఇంకొకామె. బతికుండగా నా గురించి ఇంత బాగా ఎవరూ మాట్లాడలేదు. ఇంకాసేపు విందామనిపించింది.

విన్నాను. అక్కడే చెడింది.

జూన్ 9, సోమవారం

రెండో నియమం ఇక లేదు. ఉదయం నుంచి వచ్చినవాళ్ళు తొమ్మిది మంది. ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు. చిల్లకూరులో తన తోడల్లుడి ఇల్లు ఖాళీగా ఉందని ఒకడు. గూడూరు అయితే రైలు దగ్గరని ఒకామె. "ఏ రైలు ఎక్కాలి నేను?" అన్నాను. "ఎక్కాలని కాదు టీచరమ్మా, ఉంటే ధైర్యం" అంది.

పాయింట్ల షీటు తెరవలేదు. కళ్ళు మండుతున్నాయి. (ఎండ వల్ల.)

జూన్ 10, మంగళవారం. నెల్లూరు

మా అమ్మాయి ఇల్లు. మూడు గదులు. నాతో కలిపి ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురికీ ఇంట్లోంచే పని. మా అమ్మాయి బ్యాంకు వాళ్ళకు ఏదో ఆడిట్ చేస్తుంది. తలుపులు వేసుకుని ముగ్గురం ఒకేసారి మాట్లాడుతుంటే కచేరీలాగుంది.

5.10. సాయంత్రం క్లాసు. తలుపు కొద్దిగా తెరుచుకుంది.

"అమ్మా, కొంచెం మెల్లగా. నాకు కాల్ ఉంది."

మెల్లగా చెప్పాను. పద్యాన్ని గుసగుసలాడితే ఎలా ఉంటుందో జీవితంలో మొదటిసారి విన్నాను. రహస్యం చెబుతున్నట్టు ఉంది. చాట్‌లో ఒకడు 'మేడం, జ్వరమా?' అని అడిగాడు.

5.40. క్యాథరిన్ ల్యాప్‌టాప్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి, ఎండలో గొడుగు వేసుకుని కూర్చుంది. నాకోసం ఖాళీ చేయించింది తను పని చేసుకునే గదినేనని అప్పుడు తెలిసింది.

7.30. భోజనం దగ్గర మా అమ్మాయి ప్లేటు ముందుకు జరిపి అడిగింది.

"ఇక్కడ నీకేం తక్కువమ్మా? నిజం చెప్పు."

"ఏమీ తక్కువ లేదు."

"మరి?"

"మీ తాత తీసుకెళ్ళిన చోట ఉన్నాను. మీ నాన్న తీసుకెళ్ళిన చోట ఉన్నాను. ఆఫీసరు సంతకం పెట్టిన చోట ఉన్నాను. ఈసారి నువ్వు వ్యాన్ పంపిస్తానంటున్నావు. మంచి వ్యానే అయుంటుంది. కానీ ఒక్కసారి, ఒక్క ఊరు, నేను అనుకుని పోదామని."

అది నా ప్లేటులో పెరుగు వేసింది.

జూన్ 11, బుధవారం. మధ్యాహ్నం 12.15

కోట చేరాను. నెల్లూరుకు 61. అంటే నెల్లూరు గెలిచింది. సంతోషించాలి.

ఊరికే, కేవలం పోలిక కోసం, కొట్టేసిన కోటకు కూడా పాయింట్లు వేసి చూశాను. నెట్ 27. నిశ్శబ్దం 8. (వెనక గుంటల్లో నీళ్ళకు గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. నాకు వినపడవు గానీ ఉన్నాయి.) గాలి 12. చేపలు, చెంగయ్య రొయ్యలతో కలిపి, 15. మందుల షాపు 10. చర్చి 10.

ఎనభై రెండు!

తెలుగు టీచర్ల కూడికను నమ్మకూడదని క్యాథరిన్‌తో మళ్ళీ కూడించాను. ఎనభై రెండే.

"అయితే కోటేగా అమ్మమ్మా?"

"కోట లిస్టులో లేదు."

"ఎవరు తీసేశారు?"

"నేనే."

"మళ్ళీ పెట్టెయ్."

ఈ తరానికి నియమమంటే ఇదీ గౌరవం. ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత వడియాలు ఎండబెట్టడానికి మేడెక్కి, ఊరంతా ఒకసారి చూశాను. పోలిక కోసమే.

జూన్ 12, గురువారం. ఉదయం 10.30

ముఖేష్, వాళ్ళావిడ భానుప్రియ మూడు రోజులుగా కింద చెంగయ్య ఇంట్లో ఉన్నారు. ఇల్లు, పని కుదురుతాయో లేదో చూసుకుందామని వచ్చారట. ఈ రోజు పొద్దున ముఖేష్ పైకొచ్చాడు. కళ్ళు పీక్కుపోయాయి.

"టీచరుగారూ, ఈ ఏరేటర్ల మోతలో మీరు క్లాసులు ఎట్లా చెప్పినారు? నిన్న మా క్లయింటు, హెలికాప్టర్లో ఉండారా అని అడిగినాడు."

"తొంభై మంది ఉన్న తరగతిలో చెప్పిన గొంతు నాయనా. నీ గుంటలు నాకో లెక్కా?"

11.15. చెంగయ్య. చేతిలో మళ్ళీ సంచి. ఈసారి పెద్దది.

"పిలకాయలు నెల్లూర్లోనే ఇల్లు చూసుకుంటారంట. మీరు యాడికీ పోబళ్ళేదు టీచరమ్మా. ఇక్కడే ఉండండి."

ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. పొమ్మన్నదీ చెంగయ్యే, ఉండమన్నదీ చెంగయ్యే. మధ్యలో నేనెవరిని? పదిహేనున చెబుతానన్నాను.

"ఏందమ్మా! ఉండే ఇంట్లో ఉండేదానికి గూడా ఆలోచనా?"

"అవును. దానికే ఎక్కువ ఆలోచించాలి."

రొయ్యలు మాత్రం తీసుకున్నాను.

జూన్ 14, శనివారం. సాయంత్రం 4.45

వీడ్కోలు ఆపించాలని నిశ్చయించుకుని చర్చికి వెళ్ళాను. దారంతా వాక్యం సిద్ధం చేసుకున్నాను. "అయ్యగారూ, ఇంకా ఏదీ ఖాయం కాలేదు." చిన్న వాక్యం, క్రియతో సహా.

లోపల సండేస్కూలు పిల్లలు నలభై మంది వరసగా నిలబడి పాట నేర్చుకుంటున్నారు. 'వెళ్ళి రమ్మా, వెళ్ళి రమ్మా, మా టీచరమ్మా' అట. ఎవాంజెలిన్ కట్టింది. ముందు వరసలో చిన్నది ఒకటి నన్ను చూసి, నేను వెళ్ళకముందే ఏడుపు మొదలుపెట్టింది.

అయ్యగారు ఎదురొచ్చారు. "ఏమైనా చెప్పవలెనా టీచరమ్మా?"

"పాటలో రెండో చరణం శ్రుతి తప్పుతోంది" అన్నాను.

వచ్చేశాను.

సాయంత్రం క్లాసు రద్దు చేశాను. తలనొప్పి. షీటు మూసేశాను. పదిహేను రోజుల తీర్మానంలో మిగిలింది ఒక్క రోజు. ఊరు లేదు, నియమాలు లేవు. రేపు శాలువా ఉంది.

జూన్ 15, ఆదివారం. సాయంత్రం 5.30

వరసగా రాస్తాను.

ఆరాధన తర్వాత నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. శాలువా. దండ. జూన్ ఎండకు రెండూ కలిపి ఎంత వెచ్చగా ఉంటాయో కప్పే వాళ్ళు ఆలోచించరు. మా అమ్మాయి, క్యాథరిన్ రెండో వరసలో. క్యాథరిన్ ఫోన్‌లో తీస్తోంది. పక్కన చెంగయ్య కూడా, చర్చిలోకి ఎప్పుడూ రాని మనిషి, ఇస్త్రీ చొక్కాతో.

ఎవాంజెలిన్ మాట్లాడింది. "ఈ సంఘంలో రెబెక్కమ్మక్క చేత తిట్లు తినని మనిషి లేడు. తిని బాగుపడని మనిషీ లేడు. రేపట్నించి మనల్ని తిట్టేదానికి ఎవురుండారు?"

అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

హెబ్రోను అయ్యగారు లేచారు. "ఇప్పుడు టీచరుగారు తాము ఏ ఊరికి వెళ్ళుచున్నారో తమ నోటితో తెలియజేస్తారు."

లేచాను. మా అమ్మాయి తల ఊపింది, నెల్లూరు అని చెప్పెయ్ అన్నట్టు. అందరి ముఖాలూ చూశాను. ఈ ముఖాలకు వేయడానికి నా షీటులో కాలమ్ లేదు. పదిహేను రోజులుగా లేదు.

"కోట" అన్నాను.

నిశ్శబ్దం. ఇరవైకి ఇరవై.

వెనకనుంచి ఎవరో: "శ్రీహరికోటా టీచరమ్మా? ఆడ రాకెట్ల మోత గదా!"

"శ్రీహరికోట కాదయ్యా. ఈ కోటే. పదిహేడేళ్ళ కింద ఆర్డరు ఇస్తే వచ్చాను. తర్వాత బద్ధకంతో ఉన్నాను. ఈ రోజు నుంచి ఇష్టంతో ఉంటాను. చెంగయ్యా, పై పోర్షను నాకు కావాలి. నువ్వు ఇవ్వడం కాదు, నేను అడుగుతున్నాను."

"అయ్యో, ఉండమంటినే అమ్మా నేను!"

"నువ్వు అన్నావులే. ఇప్పుడు నన్ను అననివ్వు."

ఎవాంజెలిన్ కళ్ళు తుడుచుకుంటూనే: "మరి శాలువా అక్కా?"

హెబ్రోను అయ్యగారు అద్దాలు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నారు. "ప్రార్థన ఆలకించబడినది. కనుక ఈ కూడికను స్వాగత కూడికగా మార్చుచున్నాము. అయితే పాట మార్చుటకు సమయము లేదు."

నలభై మంది పిల్లలు నా ఎదుట నిలబడి, వెళ్ళి రమ్మా వెళ్ళి రమ్మా అని గొంతెత్తి పాడారు. రెండో చరణం సరిచేశారు. నిన్న ఏడ్చిన చిన్నది ఈసారి నవ్వుతూ తప్పు పాడింది.

విందులో మా అమ్మాయి నా పక్కన కూర్చుంది.

"ఇది ఎప్పుడు తేల్చుకున్నావమ్మా?"

"లేచి నిలబడ్డాక."

"పాయింట్లు అన్నావు?"

"పాయింట్లు బుధవారమే తేల్చాయి. నేనే ఒప్పుకోలేదు."

"ఆ గది ఎంత బాగా సర్దినానో తెలుసా?" అన్నం కెలుకుతూ అంది. నేను బెదిరింపులకు లొంగనని దానికి తెలుసు. ఇలాంటి మాటకు మాత్రం లొంగుతాను. అందుకే చెయ్యి పట్టుకున్నాను.

"క్యాథరిన్‌ను కూర్చోబెట్టు. పాపం బాల్కనీలో మాడుతోంది. నెలకో నాలుగు రోజులు నేనొస్తాను. వ్యాన్ వద్దు, బస్సులో వస్తాను."

"గుసగుసగా చెప్తావా క్లాసు?"

"ఆ నాలుగు రోజులు నువ్వే గుసగుసగా ఆడిట్ చెయ్."

నవ్వింది. జారిన శాలువా భుజం మీదికి సర్దింది. ఉక్కపోతకు ప్రాణం పోతోంది, అయినా ఉంచుకున్నాను.

జూన్ 16, సోమవారం. ఉదయం 8.20

సుశీల్ కుమార్ ఫోన్. ఊరు మారలేదు, నెట్ మారదు అని చెప్పాను. నసిగాడు.

"మేడం, మీరేమీ అనుకోకపోతే... వెనకాల ఒక మోత వస్తూ ఉంటుంది."

"ఎప్పటినుంచి?"

"అయిదేళ్ళ నుంచి మేడం. మీకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. మీరు మారుతున్నారంటే పిల్లలు చాలా సంతోషించారు."

మంచిది. ఊరు తేలింది. ఈ ఇంట్లో ఏ గదిలో కూర్చుని చెప్పాలన్నది తేలలేదు.

తీర్మానం: పదిహేను రోజులు. పడమటి గది, వంటిల్లు, తూర్పు గది, ఒక్కో గదిలో అయిదేసి రోజులు చెప్పి చూస్తాను. మోతకు 50 పాయింట్లు, వెలుతురుకు 30, గాలికి 20. ఎవరి సలహా వినను.

9.05. ఎవాంజెలిన్ వీధిలోంచే అరిచింది. "వంటింట్లో అయితే గాలి ఆడదక్కా!" దానికెవరు చెప్పారో! (చెంగయ్య.)

9.30. పడమటి గది గుంటలకు ఆనుకుని ఉంది, మోత అక్కడే ఎక్కువ. తూర్పు గది నుంచి వీధి మొత్తం కనిపిస్తుంది. ఎవరు ఎక్కడికి పోతున్నారు, ఎందుకు పోతున్నారు, అన్నీ. దానికి ఇంకా కొలత మొదలు పెట్టలేదు, పది పాయింట్లు మాత్రం ముందే వేసి ఉంచాను.